‘కోపియస్’ ఎక్కడ నప్పుతుంది, ఎక్కడ నప్పదు

క్లుప్తంగా

పెద్ద మొత్తాన్ని చెప్పే ఇంగ్లిష్ విశేషణాల్లో ‘కోపియస్’ ఒకటి. నిఘంటువులో దీనికి ‘సమృద్ధమైన, విస్తారమైన’ అన్న అర్థాలు దొరుకుతాయి. అబండెంట్, ఆంపుల్, ప్రొఫ్యూజ్, ప్లెంటిఫుల్ అన్న మాటలకీ దాదాపు అవే అర్థాలు కనిపిస్తాయి. అయినా ఒకదాని బదులు ఇంకొకటి పెడితే వాక్యం చాలాసార్లు తేడా కొడుతుంది. కోపియస్ ముఖ్యంగా వెలువడేవాటికి చెందిన మాట. కారేవి, ప్రవహించేవి, ఎవరో రాసి పోగుచేసినవి, ఆపకుండా వాడేవి దీని పరిధిలోకి వస్తాయి. ఊరికే ఒకచోట ఎక్కువగా ఉన్నవాటికి వేరే మాటలున్నాయి.

పరీక్షలో ఒప్పు, వాక్యంలో తప్పు

పోటీ పరీక్షలకు చదివేవారి పదాల జాబితాల్లో కోపియస్ తరచూ కనిపిస్తుంది. పక్కన అబండెంట్ అని పర్యాయపదం రాసి ఉంటుంది. నాలుగు ఆప్షన్లలో దగ్గరి అర్థం గుర్తించమన్న ప్రశ్నకు అంత తెలిస్తే చాలు, మార్కు వచ్చేస్తుంది. అదే అభ్యర్థి వ్యాసం రాస్తూ ‘దేర్ వర్ కోపియస్ పీపుల్ ఇన్ ద హాల్’ అన్నాడనుకుందాం. విశేషణం నామవాచకం ముందే ఉంది కాబట్టి వ్యాకరణం సరిగ్గానే ఉంది. నిఘంటువు అర్థమూ సరిపోయింది. కానీ ఇంగ్లిష్ బాగా అలవాటున్నవారెవరూ అలా రాయరు. చదవగానే పంటి కింద రాయిలా తగులుతుంది.

పర్యాయపదాల ప్రశ్న రెండు మాటలు ఎక్కడ కలుస్తాయో అడుగుతుంది. వాక్యం రాసేటప్పుడు మాత్రం అవి ఎక్కడ విడిపోతాయో తెలియాలి. జాబితాలో ఉండేది మొదటి సంగతే. కష్టపడి వేల మాటలు కంఠస్థం చేసినవారు కూడా రాయడానికి కూర్చున్నప్పుడు తడబడటానికి కారణం ఇదే. లోపం వారి జ్ఞాపకశక్తిలో లేదు, జాబితాలు సగం సమాచారమే ఇస్తున్నాయి.

ఒక మాటను అది చేసే సావాసాన్ని బట్టి తెలుసుకోవాలని బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్. ఫర్త్ 1957లో రాశాడు. ఈ సూత్రం తెలుగువారికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ‘పుట్టెడు దుఃఖం’ అంటాం, ‘గంపెడాశ’ అంటాం. పుట్టి ధాన్యం కొలత, గంప సామాను మోసేది. రెండూ ‘చాలా’ అన్న అర్థాన్నే ఇస్తున్నాయి. కానీ వాటిని అటూ ఇటూ మార్చి ‘పుట్టెడాశ’, ‘గంపెడు దుఃఖం’ అంటే వినేవారు ఆగి చూస్తారు. అలా అనకూడదని ఏ వ్యాకరణంలోనూ లేదు. తరతరాల వాడుకలో ఆ జోడీలు కుదిరిపోయాయి. కోపియస్‌కూ అలా కుదిరిన జోడీలున్నాయి, వాటిని చూస్తే మాట స్వభావం తెలుస్తుంది.

కోపియస్ చుట్టూ చేరే మాటలు

బాగా స్థిరపడిన జోడీ ‘కోపియస్ నోట్స్’. క్లాసులోనో మీటింగ్‌లోనో కూర్చుని పేజీలకు పేజీలు రాసుకోవడం దీని భావం. ఇదే కోవలో ఫుట్‌నోట్స్, కొటేషన్స్, ఎగ్జాంపుల్స్, ఇలస్ట్రేషన్స్ వస్తాయి. బొమ్మలు దండిగా ఉన్న పుస్తకాన్ని ‘కోపియస్లీ ఇలస్ట్రేటెడ్’ అంటారు. ఇవన్నీ లెక్కపెట్టగలిగేవే. కానీ ఎవరూ లెక్కపెట్టరు. ఒక చేతి నుంచి ఆగకుండా వచ్చిన రాత అన్న భావనే అక్కడ ముఖ్యం.

రెండో గుంపు శరీరానిది. కన్నీళ్లు, చెమట, రక్తస్రావం, లాలాజలం, గాయం నుంచి కారే ద్రవం, వీటన్నిటి ముందూ కోపియస్ సహజంగా కూర్చుంటుంది. వైద్యుల రికార్డుల్లో ‘కోపియస్ సెక్రీషన్స్’ అని రాయడం మామూలే. అక్కడ ఆ మాటలో జాలి గానీ భయం గానీ లేదు, స్రావం మోతాదు ఎక్కువగా ఉందన్న పరిశీలన మాత్రమే ఉంది.

మూడోది నీళ్లు. ‘కోపియస్ రెయిన్‌ఫాల్’, ‘కోపియస్ ఫ్లో’ తేలిగ్గానే అర్థమవుతాయి. ‘కోపియస్ ఇరిగేషన్’ మాత్రం కొంచెం మోసం చేస్తుంది. ఇరిగేషన్ అనగానే సాగునీరు గుర్తొస్తుంది, కానీ వైద్య గ్రంథాల్లో దీని అర్థం గాయాన్నో శస్త్రచికిత్స జరుగుతున్న చోటునో ద్రవంతో ధారగా కడగడం. దంతాల ఇంప్లాంట్ కోసం దవడ ఎముకలో డ్రిల్ చేసేటప్పుడు రాపిడికి వేడి పుడుతుంది, ఆ వేడికి ఎముక దెబ్బతినవచ్చు. అందుకని పని జరిగినంతసేపూ సెలైన్ పోస్తూనే ఉంటారు. ఆ పోస్తూనే ఉండటమే కోపియస్.

ఈ మూడు గుంపుల్లోనూ ఉమ్మడిగా ఉన్నవి రెండు: ఒక మూలం, దాని నుంచి ఒక కదలిక. కలం నుంచి రాత, కంటి నుంచి నీరు, మబ్బు నుంచి వాన. పాత ఇంగ్లిష్ రచనల్లో ఒత్తైన జుట్టుకు కూడా ఈ విశేషణం కనిపిస్తుంది. మొదట వింతగా అనిపించినా అదీ ఈ చట్రంలోకే వస్తుంది, జుట్టు కూడా లోపలి నుంచి పెరిగి బయటికి వచ్చేదే కదా.

నాలుగో రకం జోడీ వీటికన్నా వదులైనది. ‘కోపియస్ అమౌంట్స్ ఆఫ్’, ‘కోపియస్ క్వాంటిటీస్ ఆఫ్’ అన్న పదబంధాలు వాడితే వాటి తర్వాత లెక్కకు రాని పదార్థం దాదాపు ఏదైనా పెట్టవచ్చు: డేటా, కాగితం, డబ్బు, ఇంధనం. విశేషణం ఆ వస్తువు మీద కాకుండా ‘మొత్తం’ అన్న మాట మీద వాలుతుంది కాబట్టి పట్టు సడలుతుంది. ఇక్కడ కూడా ఆ వస్తువును ఎవరో వాడుతున్నారనో ఖర్చు చేస్తున్నారనో ధ్వని ఎక్కువసార్లు ఉంటుంది.

ఇదంతా గట్టి నియమం కాదు, మొగ్గు. ‘కోపియస్ ఎవిడెన్స్’ అని రాసేవారున్నారు, అది తప్పు కాదు. దస్తావేజుల మీద దస్తావేజులు బయటపడినప్పుడు ఆ మాట చక్కగా అమరుతుంది.

ఎక్కడ తేడా కొడుతుంది

మనుషులు, కార్లు, కుర్చీలు, ఇళ్లు ఎన్ని ఉన్నా కోపియస్ కావు. వాటికి మెనీ, న్యూమరస్, లేదా మాటల్లో చెప్పేటప్పుడు లాట్స్ ఆఫ్ చాలు. ‘కోపియస్ టైమ్’, ‘కోపియస్ స్పేస్’ అనడం కూడా కుదరదు. సమయం, చోటు అవసరంతో పోల్చి చూసేవి, వాటికి ఆంపుల్ ఉంది. ‘కోపియస్ నాలెడ్జ్’ బదులు వాస్ట్ లేదా ఎక్స్‌టెన్సివ్ నాలెడ్జ్ అనాలి. జ్ఞానం లోపల నిలవ ఉండేది. దాన్ని కాగితం మీద పెట్టడం మొదలుపెడితే అప్పుడు ఆ రాతలు కోపియస్ అవుతాయి.

ఇంకో పొరపాటు నిర్మాణానికి సంబంధించినది. ‘ఎ లాట్ ఆఫ్ నోట్స్’ అలవాటు మీద ‘ఎ కోపియస్ ఆఫ్ నోట్స్’ అని రాసేస్తుంటారు. లాట్ నామవాచకం, కోపియస్ విశేషణం. కాబట్టి మధ్యలో ‘ఆఫ్’ రావాలంటే ‘అమౌంట్’ లాంటి నామవాచకం తోడుండాలి.

పోలికలో తేలే తేడాలు

దగ్గరి మాటలన్నిటిలో కోపియస్‌తో ఎక్కువగా కలిసిపోయేది అబండెంట్. వీటి మధ్య గీత గీయడానికి విజ్ఞానశాస్త్రం మంచి ఉదాహరణ ఇస్తుంది. విశ్వంలో అన్నిటికన్నా అబండెంట్ మూలకం హైడ్రోజన్. భూమి పైపొరలో ఆక్సిజన్. ఒక మూలకంలోని ఐసోటోపులు ప్రకృతిలో ఏ నిష్పత్తిలో దొరుకుతాయో చెప్పే పరిమాణానికి ‘నేచురల్ అబండెన్స్’ అని పేరు. జీవావరణ శాస్త్రంలో ఒక ప్రాంతంలో ఒక జాతి ఎంత ఉందో చెప్పేదీ అబండెన్సే. వీటిలో ఎక్కడా కోపియస్ పెట్టలేం. ‘మోస్ట్ కోపియస్ ఎలిమెంట్’ అంటే ఆ మూలకం ఎక్కడి నుంచో కారుతున్నట్టు ఉంటుంది. ఉన్నదాని లెక్క అబండెంట్‌ది. వస్తున్నదాని లెక్క కోపియస్‌ది. ఈ ఒక్క తేడా గుర్తున్నా సగానికి పైగా తప్పులు పోతాయి.

ఆంపుల్ చూపు అవసరం మీద ఉంటుంది. కావలసినంత ఉంది, ఇంకా కాస్త మిగులుతుంది అని భరోసా ఇచ్చే మాట అది. కోపియస్‌కు ఆ పూచీ లేదు. నోట్స్ ఎంత కోపియస్‌గా ఉన్నా పరీక్షకు సరిపోకపోవచ్చు. అలాగే ఎక్సెసివ్ లాగా ‘హద్దు మీరింది’ అని తప్పుపట్టే స్వభావమూ దీనికి లేదు. చాలు అనదు, ఎక్కువైంది అనదు. మోతాదు పెద్దదని చెప్పి ఊరుకుంటుంది. శాస్త్ర రచనల్లోనూ వైద్య రికార్డుల్లోనూ ఈ మాట నిలదొక్కుకోవడానికి ఈ తటస్థతే ప్రధాన కారణమని చెప్పుకోవచ్చు.

ప్రొఫ్యూజ్‌లో ‘పోయడం’ అన్న లాటిన్ ధాతువు ఉంది. ట్రాన్స్‌ఫ్యూజన్ అన్న మాటలో ఉన్నదీ అదే. రక్తానికీ చెమటకూ కోపియస్, ప్రొఫ్యూజ్ రెండూ నప్పుతాయి, ఇక్కడ ఏది వాడినా ఇబ్బంది లేదు. దారి వేరయ్యేది మనసు సంగతుల దగ్గర. క్షమాపణలు, కృతజ్ఞతలు, పొగడ్తలు పట్టలేకుండా వచ్చినప్పుడు ప్రొఫ్యూజ్ అంటారు. ‘అపాలజైజ్డ్ ప్రొఫ్యూజ్లీ’ కుదురుకున్న వాడుక. రాసుకున్న నోట్స్‌కు మాత్రం ప్రొఫ్యూజ్ పనికిరాదు. పట్టు తప్పి పొంగడం ప్రొఫ్యూజ్‌లో ఉంది, కోపియస్‌లో మోతాదే తప్ప అదుపు తప్పడం లేదు.

ప్లెంటిఫుల్ తేలిగ్గా దొరికేవాటికి. దాని వెనకున్న లాటిన్ ‘ప్లేనుస్’, సంస్కృతం ‘పూర్ణ’ చుట్టాలు. మిరియడ్ మొదట్లో గ్రీకుల పదివేలు, ఇప్పుడు లెక్కలేనన్ని అన్న అర్థంలో వాడుతున్నారు. న్యూమరస్ విడివిడిగా లెక్కకు వచ్చేవాటికి.

సంపద నుంచి రాతప్రతి దాకా

కోపియస్ 14వ శతాబ్దం చివరినాటికే ఇంగ్లిష్‌లో ఉంది. దీని మూలం లాటిన్‌లో ‘కోపియా’, అంటే సమృద్ధి. దాని లోపల ఉన్న ‘ఆప్స్’ అన్న మాటకు సంపద, శక్తి, వనరులు అని అర్థాలు. రోమన్లకు ఆప్స్ అన్న పేరుతోనే ఒక దేవత ఉండేది. సంపన్నమైన అన్న అర్థమున్న ఆపులెంట్ కూడా ఇక్కడి నుంచే వచ్చింది. ఋగ్వేద సంస్కృతంలో సంపద అన్న అర్థంలో కనిపించే ‘అప్నస్’ ఈ ఆప్స్‌కు బంధువని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు.

కోపియా సంతానంలో అందరికీ తెలిసిన రూపం ‘కార్నుకోపియా’, సమృద్ధి కొమ్ము. పండ్లూ పూలూ పొంగిపొర్లుతున్న కొమ్ముగా చిత్రాల్లో కనిపించేది అదే. పసివాడిగా ఉన్న గ్రీకుల దేవరాజు జ్యూస్‌కు పాలిచ్చిన అమాల్థియా అనే మేక కొమ్మని ఒక కథ, నదీదేవుడు అకెలోయస్‌తో పోరులో హెర్క్యులీజ్ విరిచిన కొమ్మని ఇంకో కథ. లాటిన్‌లో ఇదే మాట బహువచనంలో ‘కోపియే’ అయితే సైన్యం. రోమన్ సేనాని సీజర్ తన యుద్ధ వృత్తాంతాల్లో సేనలకు వాడిన మాట ఇది. ఒక రాజ్యానికి వనరులంటే ధాన్యం, ధనం, మనుషులు. ఆ చివరి అర్థం అలా గట్టిపడింది.

తెలుగువారికి బాగా దగ్గరైన సంతానం మరొకటుంది: ‘కాపీ’. కోపియాకు ‘వీలు, అవకాశం’ అన్న అర్థం కూడా ఉండేది. ఒక పత్రాన్ని చూసి రాసుకోవడానికి వీలు కల్పించడం అన్న ప్రయోగం నుంచి మధ్యయుగపు లాటిన్‌లో కోపియా అంటే ఆ రాసుకున్న ప్రతి అన్న అర్థం పుట్టింది. ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చి కాపీ అయింది. అంటే కోపియస్ నోట్స్ రాసేవాడూ ఆ నోట్స్‌ను కాపీ చేసుకునేవాడూ ఒకే మూలపదం నీడలో కూర్చున్నట్టే.

రాతతో కోపియస్ సావాసం ఇంత పాతది కావడానికి అలంకారశాస్త్రం కూడా కారణం. రోమన్ వక్త సిసెరో కాలం నుంచే మాటల సమృద్ధి వక్తకు ఉండాల్సిన గుణాల్లో ఒకటి. 1512లో డచ్ పండితుడు ఎరాస్మస్ ఈ కోపియా మీదే విద్యార్థుల కోసం ఒక పాఠ్యగ్రంథం ప్రచురించాడు. ‘మీ ఉత్తరం నాకెంతో ఆనందాన్నిచ్చింది’ అన్న అర్థం వచ్చే ఒకే వాక్యాన్ని అందులో వందకు పైగా తీరుల్లో తిరగరాసి చూపించాడు. ఆ కాలపు యూరప్‌లో లాటిన్ నేర్చుకునే పిల్లలకు అది సాధన. అప్పట్లో కోపియస్ అనిపించుకోవడం గొప్ప. ఒక భాషను కోపియస్ అంటే దానికి పదసంపద ఉందని మెచ్చుకున్నట్టు. ఆ పొగడ్తలో చిన్న సందేహం చేరడం శామ్యూల్ జాన్సన్ దగ్గర కనిపిస్తుంది. 1755లో తన నిఘంటువు ముందుమాటలో ఆయన ఇంగ్లిష్ కోపియస్‌గానే ఉంది కానీ దానికో క్రమం లేదన్నాడు. పరిమాణం ఉన్నంత మాత్రాన పద్ధతి ఉండదన్న ఆ ఎరుక, ఇవాళ్టి వాడుకలోని తటస్థతకు దగ్గరగా ఉంది.

తారుమారైన రెండు మూలాలు

ఇక్కడే ఒక విచిత్రం ఉంది. అబండెంట్ మూలంలో ఉన్నది నీరు. లాటిన్‌లో ‘ఉండా’ అంటే అల, అలలా పొంగి పొర్లడం అబండెంట్. సంస్కృతం ‘ఉదకం’ ఈ ఉండాకు చుట్టమే. ముంచెత్తడం అన్న అర్థమున్న ఇనండేట్, అవసరానికి మించినదన్న అర్థమున్న రిడండెంట్ కూడా ఆ అల నుంచి పుట్టినవే. కోపియస్ మూలంలో ఉన్నదేమో కొట్లో భద్రంగా ఉండే సంపద.

ఇవాళ్టి వాడుకలో ఆ రెండూ స్థానాలు మార్చుకున్నాయి. పొంగే అల నుంచి పుట్టిన అబండెంట్ స్థిరంగా ఉన్న నిల్వను చెబుతోంది. నిల్వ నుంచి పుట్టిన కోపియస్ పారే ప్రవాహాన్ని చెబుతోంది. మూలపదం తెలిస్తే మాట గుర్తుండిపోతుందని బోధించేవారి సలహా మంచిదే, కానీ దానికి ఇక్కడ హద్దు పడుతుంది. వ్యుత్పత్తి గుర్తుపెట్టుకోవడానికి సాయపడుతుంది. వాక్యంలో ఏది పెట్టాలో మాత్రం ఇప్పటి సావాసమే తేల్చాలి.

పలకడం, స్థాయి

మొదటి అక్షరాన్ని దీర్ఘంగా, ఒత్తి పలకాలి: కోపియస్. కాపీతో చుట్టరికం ఉన్నా, స్పెల్లింగ్‌లో మొదటి మూడు అక్షరాలు ఒకటే అయినా ‘కాపియస్’ అనకూడదు. ఇది కొంచెం లాంఛనమైన మాట. నివేదికలు, వ్యాసాలు, సమీక్షల్లో బాగుంటుంది. స్నేహితులతో మాట్లాడేటప్పుడు లాట్స్ ఆఫ్, టన్స్ ఆఫ్ లాంటివే వినిపిస్తాయి. ప్రతి పేరాలో ఒక కోపియస్ పెట్టి స్థాయి పెంచాలనుకుంటే రాత బిగుసుకుపోతుంది.

తెలుగులో చెప్పాలంటే

అనువాదంలో కోపియస్‌కు ఒకే మాట వెతకడం వల్ల చిక్కు పెరుగుతోంది. ‘ఆమె సమృద్ధమైన నోట్స్ తీసుకుంది’ అన్నది అర్థమయ్యే వాక్యమే కానీ తెలుగువారు పలికే వాక్యం కాదు. ‘పేజీలకు పేజీలు నోట్స్ రాసుకుంది’ అంటే ప్రాణం వస్తుంది. ఇంగ్లిష్ ఈ భారాన్ని విశేషణం మీద పెడుతుంది. తెలుగు ఎక్కువసార్లు దాన్ని క్రియ దగ్గరికి తీసుకెళ్తుంది, లేదా మాటను రెట్టిస్తుంది. కోపియస్ టియర్స్ ‘కళ్లు ధారలు కట్టాయి’ అవుతుంది. కోపియస్ రెయిన్ ‘కుండపోతగా కురిసింది’ అవుతుంది. ఎడతెగకుండా వచ్చిన రచనలకైతే ‘పుంఖానుపుంఖాలుగా’ అన్న మాట సిద్ధంగా ఉంది. పుంఖం అంటే బాణం వెనక భాగం. ఒక బాణం వెనకే ఇంకో బాణం తగిలినట్టు వరసగా రావడం దాని భావం. కోపియస్‌కూ రాతకూ ఉన్న బంధాన్ని ఇంత బాగా పట్టుకునే మాట తెలుగులో మరొకటి లేదు.

ఒక్క మాటే కావాలని పట్టుబడితే ‘ధారాళం’ అన్నిటికన్నా దగ్గరిది. అందులో ధార ఉంది. ధారాళంగా మాట్లాడటం, గాలి ధారాళంగా రావడం, ధారాళంగా ఖర్చుపెట్టడం, అన్నిట్లోనూ కదలిక ఉంది. సమృద్ధి, పుష్కలం అబండెంట్ పక్షానికి చెందుతాయి.

ఈ ఎంపిక శైలికి మాత్రమే సంబంధించినదని అనుకోవడానికి లేదు. రసాయనాల సీసాల మీద, ప్రథమ చికిత్స సూచనల్లో, కంట్లో పడితే ‘కోపియస్ అమౌంట్స్ ఆఫ్ వాటర్’తో కడగాలని ఉంటుంది. దాన్ని ‘ఎక్కువ నీటితో కడగండి’ అని తెలుగు చేస్తే కంగారులో ఉన్న మనిషి రెండు దోసిళ్లు గట్టిగా చల్లుకుని ఆగిపోవచ్చు. మూలంలో చెప్పింది అది కాదు. రెప్పలు తెరిచి ఉంచి, కనీసం 15 నిమిషాల పాటు నీటి ధార కంటి మీదుగా పారుతూనే ఉండాలి, రసాయనం పలచబడి కొట్టుకుపోవాలి. ‘ఆపకుండా ధారగా నీళ్లు పోస్తూ కడగండి’ అని రాస్తే కోపియస్‌లో ఉన్నది తెలుగులోకి పూర్తిగా వస్తుంది.